రెండు నిమిషాల శిక్ష

పోధొరానీ,
2003 మార్చి 9, ఆదివారం.

తమ్ముడు వెండోకి,

నీ అక్క జెల్మీరా ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ మీ బావా ఆరోగ్యంగానే ఉన్నాం. స్వీడన్ చలిలో నువ్వూ మరదలూ అంతకంటే బాగుండాలని నా కోరిక. మా దగ్గర మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. కొండ మీద తెల్లగా, వీధిలో నల్లగా ఉంది. నది ఒడ్డున మాత్రం రెండు రోజుల నుంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

నీ ఉత్తరం ఫిబ్రవరి చివర్లో అందింది. అడిగినవన్నీ వరసగా చెబుతాను. కాఫీ పొట్లం చిరగకుండా వచ్చింది. మరదలికి చెప్పు, మీ బావ ఆ కాఫీ తాగి మూడు రోజులు నిద్ర పట్టక ఇల్లంతా తిరిగాడు. ఆయన మోకాలు మెట్లు దిగేటప్పుడు పీకుతుంది, ఎక్కేటప్పుడు పీకదట. అదెలాగని డాక్టరును అడిగితే, అయితే దిగకండి అన్నాడు. రేగుపళ్ళ సారా ఈసారి బాగా కుదిరింది, రెండు సీసాలు నీ పేరు రాసి అటక మీద పెట్టాం. అమ్మ సమాధి రాయి ఒరిగిపోతే అక్టోబరులో సరిచేయించాను. కుట్టు దుకాణంలో పని తగ్గలేదు.

నువ్వు ఎప్పటిలాగే చెయ్యి సంగతి రాయలేదు. నేను అడిగినా రాయవు. ఎడమ చేత్తో ముత్యాల్లా రాసేవాడివి. ఇప్పుడు కుడి చేత్తో రాసిన ఆ అక్షరాలు చూస్తే, మొదటి తరగతి పుస్తకం తెరిచినట్టు ఉంటుంది నాకు. నువ్వు రాయనిదంతా ఆ అక్షరాలే చెబుతాయి.

ఇక చివర్లో, సంతకం కింద, మరిచిపోయి మళ్ళీ గుర్తొచ్చినట్టు ఒక ముక్క రాశావు. "కొలేసార్ ఈ ఏడు మన ఐస్ హాకీ జట్టులో ఆడుతున్నాడని పేపర్లో చూశాను. బాగా ఆడుతున్నాడా?" అని.

ఆ ఒక్క ముక్కకి జవాబు రాయడానికి నాకు పదిరోజులు పట్టింది. సెప్టెంబరు నుంచి నీకు నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదాంట్లోనూ వాడి పేరు ఎత్తలేదు. ఎత్తి నిన్ను బాధపెట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. మొదటి నుంచి చెబుతాను. ఓపికగా చదువు.

ఆగస్టులో ఒక ఉదయం మీ బావ పేపరు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నాకు ఇవ్వకుండా వెనక దాచుకున్నాడు.

"జెల్మీ, ముందు కూర్చో," అన్నాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. వచ్చారు. కొవాచోవ్ నుంచి కొలేసార్‌ని తీసుకున్నారు మనవాళ్ళు. రెండేళ్ళకి."

నేను కూర్చోలేదు. పొయ్యి మీద పాలు పొంగి పారాయి, నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. బిస్త్రీక్ కొలేసార్. ఇరవై ఏడో నంబరు. తొమ్మిదేళ్ళ కిందట నిన్ను వెనక నుంచి వచ్చి మైదానం చుట్టుగోడకేసి కొట్టినవాడు. గోడకి నీ తల తగిలిన చప్పుడు నేను విన్నాను, వెండో. ఆ తర్వాత స్టేడియంలో ఆరువేల మంది ఉన్నా ఇంకే చప్పుడూ వినపడలేదు. నీ చేతి కర్ర మాత్రం మంచు మీద జారుకుంటూ ఎటో వెళ్ళిపోయింది. ఇరవై నాలుగేళ్ళవాడివి. దేశం జట్టుకి నిన్ను పిలిచి పదకొండు రోజులయింది. వాడికి ఎనిమిది ఆటలు నిషేధం వేశారు. నీకు జీవితాంతం, వాడికి ఎనిమిది ఆటలు. ఇప్పుడు వాడు మన తోడేలు బొమ్మ చొక్కా తొడుక్కుని మన మంచు మీద తిరుగుతాడట.

"ఈ ఏడాది సీజన్ టికెట్టు వద్దులే," అన్నాడు మీ బావ. "ఇంట్లో రేడియోలో విందాం."

"వాడొచ్చాడని నేను మానాలా? ముప్పై ఏళ్ళుగా నేను వెళుతున్న చోటది. నా కుర్చీలో నేను కూర్చుంటా. వెళ్ళిపోవాల్సింది వాడు."

అలా సి స్టాండు, ఏడో వరుసలో మా రెండు కుర్చీలకి టికెట్లు తీసుకున్నాం. నీ దెబ్బ తర్వాత మేం మారిన కుర్చీలే అవి.

మొదటి ఆట రోజు చూడాల్సింది నువ్వు. వాడు మంచు మీద అడుగు పెట్టగానే స్టాండంతా ఈలలు. అరుపులు. "వెండో, వెండో" అని ముందుగా మొదలుపెట్టింది నేను కాదు, పైవరుసల్లోని కుర్రాళ్ళు. నీ ఆట చూసిన వయసు కాదు వాళ్ళది, తండ్రుల నోట విన్నారంతే. నేను ఆటలకి తీసుకెళ్ళే ఆవుగంట తీసి, వాడి కర్రకి పక్ బిళ్ళ తగిలిన ప్రతిసారీ చెయ్యి పడిపోయేలా మోగించాను. వాడు తలెత్తి చూడలేదు. ఇంటికొచ్చాక చెయ్యి లేవకపోతే మీ బావ మందు రాశాడు. నేను హాయిగా పడుకున్నాను. ఏళ్ళ తరబడి లేని హాయి అది, నీకెందుకు దాచడం.

అక్టోబరంతా అలాగే గడిచింది. తర్వాత జనం మారడం మొదలుపెట్టారు. నీకు తెలుసుగా మన జనం సంగతి. వాడు ఒంటితో పక్‌లకి అడ్డం పడ్డాడు. ఒకటి దవడకి తగిలితే లోపలికి వెళ్ళి, కుట్లు వేయించుకుని, రక్తం మరకల చొక్కాతోనే మళ్ళీ వచ్చాడు. నవంబరులో తన పాత జట్టు కొవాచోవ్ మీదే అదనపు సమయంలో గోల్ కొట్టాడు. స్టాండు లేచి నిలబడింది. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా, నిన్నటిదాకా నాతోపాటు ఈలలు వేసినవాళ్ళంతా, వాడి పేరు పాడారు. నేను కూర్చునే ఉన్నాను. గంట మోగిస్తూనే ఉన్నాను.

అప్పుడే హెద్విగాకీ నాకూ చెడింది. ఇరవై ఏళ్ళుగా నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి, నీ పెళ్ళికి కేకు చేసిన మనిషి. టీ ఒలికిందని గొడవపడ్డామని నీకు రాశాను. అది అబద్ధం.

"ఇక చాల్లేవే, జెల్మీ," అంది. ఒక చేతిలో రమ్ము పోసిన టీ, ఇంకో చేతిలో ఆవాల ముద్ద రాసిన సాసేజి. "వాడిప్పుడు మనవాడు. మనకోసం దవడ పగలగొట్టుకున్నాడు."

"ఎవరికి మనవాడు? నీ తమ్ముడి మెడ విరగలేదుగా."

"మెడ సంగతి నేను మరిచిపోలేదు."

"అయితే నోర్ముయ్."

హెద్విగా టీ కింద పెట్టింది. నా వైపు తిరిగి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా అంది: "ఆ రోజు నేనూ నీ పక్కనే ఉన్నాను. నాకు గుర్తుంది. నీకూ గుర్తుంది. ఇక్కడ నా చేత ఆ మాట ఎత్తించకు."

ఆ టీ గ్లాసు నేనే తన్నాను. ఆమె లేచి ఎగువ వరుసకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

డిసెంబరులో దుకాణానికి ఒకరి వెనక ఒకరు రావడం మొదలుపెట్టారు. క్లబ్బు చొక్కాల మీద పేర్లూ నంబర్లూ కుట్టేది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే కదా. "ఇరవై ఏడు, కొలేసార్" అని అడిగినవాళ్ళకల్లా అక్షరాలు అయిపోయాయని చెప్పాను. ఏ అక్షరం అని ఒకాయన అడిగితే అన్నీ అన్నాను. రంపం మిల్లులో పనిచేసే ఒక లావాటాయన మాత్రం వదల్లేదు, వారానికి రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. సరేనని కుట్టిచ్చాను, చివరి అక్షరం వదిలేసి. మన భాషలో అది 'చక్రాలు' అవుతుంది. పాపం ఆయన వీపు మీద 'చక్రాలు' అని పెట్టుకుని రెండు ఆటలకి వెళ్ళాడు. తర్వాత వచ్చి గొడవ చేస్తే, దారం తెగిపోయి ఊడిపోయిందేమో అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. చెడ్డ నవ్వే, ఏం చెయ్యను.

జనవరిలో క్లబ్బువాళ్ళు గోడల మీద కాగితాలు అంటించారు. ఫిబ్రవరి 14, శుక్రవారం, కొవాచోవ్‌తో ఆట. కొలేసార్‌కి అది ఆరువందలవ ఆట. ఆటకి ముందు సన్మానం, పూలు, స్ఫటికపు గిన్నె. ఆ కాగితం ముందు నేను ఎంతసేపు నిల్చున్నానో తెలీదు. ఆరువందలు. నువ్వు ఆడినవి డెబ్భై ఒకటి. నీ డెబ్భై రెండో ఆటకి నా చేతులారా ఇస్త్రీ చేసిన చొక్కా ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను.

తెల్ల దుప్పటి గుడ్డ ఎనిమిది మీటర్లు తీసుకున్నాను. మధ్యాహ్నం దుకాణం మూసే గంటలో, తలుపు గడియ పెట్టి, నల్ల అక్షరాలు కత్తిరించి కుట్టాను. ఒక్కో అక్షరం నా నడుమెత్తు. రెండు వారాలు పట్టింది. ఇంత శ్రద్ధగా నేను పెళ్ళి గౌను కూడా కుట్టలేదు, రెండు వరుసల కుట్టు వేశాను, గాలికి ఊడకుండా. "27, మా తమ్ముడి మెడ నీకు గుర్తుందా?" అంతే.

మీ బావకి చెప్పలేదు. కానీ ఆ శుక్రవారం నేను గుడ్డని ఒంటికి చుట్టుకుని పైన కోటు బొత్తాలు పెట్టుకోలేక తంటాలు పడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. వచ్చి, కింది రెండు బొత్తాలూ ఆయనే పెట్టాడు.

దీపాలన్నీ ఆర్పి వాడొక్కడి మీదే వెలుతురు వేశారు. క్లబ్బు అధ్యక్షుడు ఎర్ర తివాచీ మీద నడిచొచ్చి గిన్నె ఇచ్చాడు, ఎవరో పూలిచ్చారు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. నేను మెట్లు దిగి కిందికి కంచె దగ్గరికి వెళ్ళి గుడ్డ విప్పడం మొదలుపెట్టాను. ఎనిమిది మీటర్లు పట్టుకోవడం ఒక్క మనిషి వల్ల కాదని అప్పుడు తెలిసింది. అవతలి కొన జారిపోతోంది. చూస్తే మీ బావ ఆ మోకాలితోనే మెట్లు దిగి వస్తున్నాడు. ఆ కొన అందుకుని కంచెకి కట్టాడు. నా వైపు చూడలేదు.

చప్పట్లు ఒక చోట ఆగాయి, తర్వాత పక్కన, తర్వాత అంతటా. వెలుతురు తిప్పేవాడెవరో పొరపాటునో కావాలనో దీపాన్ని మా గుడ్డ మీదికి తిప్పాడు. కొలేసార్ చదివాడు. చదువుతున్నట్టు పెదవులు కదిలాయి. పూలని ఎవరి చేతిలోనో పెట్టి, మెల్లగా జారుకుంటూ సరిగ్గా మా కిందికి వచ్చి ఆగి, శిరస్త్రాణం తీశాడు. జుట్టు బాగా పలచబడింది వాడికి. నా వైపు చూసి తల ఒక్కసారి ఊపాడు, అవునన్నట్టు. వెళ్ళిపోయాడు.

ఆ ఆటలో వాడు మనసెక్కడో ఉన్నట్టు ఆడాడు. రెండు గోల్స్ వాడి తప్పువల్లే పడ్డాయి. ఒకసారి పక్‌ని నేరుగా ఎదుటివాడి కర్రకే అందించాడు. ఐదు ఒకటితో ఓడాం. ఐదో గోల్ పడ్డప్పుడు ఎవరో నవ్వుతున్నారని పక్కకి చూశాను. నవ్వుతున్నది నేనే. తోడేళ్ళు ఓడితే నేను సంతోషించడం ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. ఆ ఆట పోవడంతో, చివరి లెక్కలో ఎనిమిదో స్థానానికి ఒక్క పాయింటు తక్కువై పై రౌండుకి వెళ్ళలేకపోయాం. నువ్వది పేపర్లో చూసే ఉంటావు. ఎవరివల్ల పోయిందో పేపర్లో రాయలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు. రొట్టెల దుకాణంలో నా వంతు వచ్చేసరికి రోజూ రొట్టె అయిపోతోంది. ఏ రొట్టె అని అడిగితే అన్నీ అంటోంది దుకాణం ఆమె. తలుపు మీద ఎవరో బొగ్గుతో బూతు రాశారు, మీ బావ కడిగాడు. నేను దేనికీ చలించలేదు. నీ బాకీ తీర్చానని అనుకున్నాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపలేను.

సన్మానం ఆట తర్వాతి సోమవారం మధ్యాహ్నం వాడు నా దుకాణానికి వచ్చాడు. మామూలు గోధుమరంగు కోటు, ఊలు టోపీ చేతిలో. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు వాణ్ణి. దవడ కింద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. నా చేతిలో పెద్ద కత్తెర ఉంది, కింద పెట్టలేదు.

"నమస్కారమండీ. మీరు వెండెలీన్ అక్కగారు కదా," అన్నాడు.

"చదవడం వచ్చుగా నీకు. రాశానుగా."

"వచ్చు. జవాబు చెప్పడానికే వచ్చాను. గుర్తుంది. లేని రోజు లేదు."

"అయితే ఏం చెయ్యమంటావు, పూలు ఇవ్వాలా? మొన్న ఇచ్చారుగా మావాళ్ళు."

వాడు కోపగించుకోలేదు. టోపీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మీరు ఎంత పెద్ద గుడ్డ కట్టినా నాకు న్యాయంగానే ఉంది. నేను చేసింది నేనే చేశాను. ఇంకొకరి మీదికి నెట్టడానికి రాలేదు. ఒక్క సంగతి మాత్రం అడగాలి. ఆ రోజు మీరు స్టేడియంలో ఎక్కడ కూర్చున్నారు?"

"ఎందుకు?"

"పెనాల్టీ పెట్టె వెనక ఒకావిడ ఉంది. నాకు రెండు నిమిషాల శిక్ష వేశారు, ఆట బయట ఆ అద్దాల పెట్టెలో కూర్చున్నాను. అప్పటికి మా అమ్మ పోయి తొమ్మిదో రోజు. ఆవిడ అద్దాల సందులో నోరు పెట్టి ఆ రెండు నిమిషాలూ మా అమ్మ గురించే మాట్లాడింది. అరవలేదు. మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తున్నానని తెలుస్తుందని. తలుపు తెరిచారు. ఎదురుగా ఎవరున్నారో నాకు కనబడలేదు. ఎవరో ఒకరు కావాలి, అంతే. మీ తమ్ముడు దొరికాడు. ఆవిడ మొహం నేను చూడలేదు. గొంతు మాత్రం తొమ్మిదేళ్ళుగా వినపడుతూనే ఉంది. ఈ ఊరు వచ్చింది జీతం కోసం కాదండీ. ఇంతకంటే ఎక్కువ ఇస్తామన్నవాళ్ళున్నారు. ఆవిడ ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుందని వచ్చాను."

"దొరికితే ఏం చేస్తావు?" అన్నాను. కావాలనే గొంతు పెంచాను.

"మీ చేత ఒక గుడ్డ కుట్టిస్తాను. మీ కుట్టు బాగుంది. ఊరంతా చదవాలి." నా మొహంలోకి చూశాడు. "మీకేమైనా తెలుసా?"

"నేను ఎప్పుడూ సి స్టాండులోనే," అన్నాను. "పెట్టె వైపు ఎవరుండేవాళ్ళో నాకెలా తెలుస్తుంది?"

దండం పెట్టినట్టు తల వంచి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

వెండో, ఆవిడ నేనే.

ఆ రోజు ఉదయం పేపర్లో చూశాను. తల్లిని పాతిపెట్టిన వారానికే కొలేసార్ మంచు మీదికి వస్తున్నాడని మెచ్చుకుంటూ రాశారు. అది చదివి నాకు జాలి కలగలేదు. పనికొస్తుంది అనుకున్నాను. కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. అప్పుడు మన కుర్చీలు పెట్టె వెనకే ఉండేవి కదా. వాడు లోపలికి వచ్చి కూర్చోగానే గంట హెద్విగా చేతికిచ్చి ముందుకు వంగాను. ఏమన్నానో ఒక్క మాట కూడా మరిచిపోలేదు. "మీ అమ్మ అదృష్టవంతురాలు, నీ ఆట చూడకుండా పోయింది" అన్నాను. "జబ్బు చేసి పోలేదు, నిన్ను కన్నందుకు సిగ్గుతో పోయింది" అన్నాను. "ఒంటరిగా పోయిందటగా, నువ్వు ఎక్కడో పక్ వెంట పరుగెడుతుంటే" అన్నాను. ఆ చివరిది నేను కల్పించింది. అది నిజమని నాకు తెలీదు. మొదటి మాటకి హెద్విగా నవ్వింది. మూడో మాటకి నా కోటు పట్టి వెనక్కి లాగింది. నేను విదిలించుకున్నాను. వాడి భుజాలు వణకడం చూశాను, చూసి పట్టు దొరికిందనుకున్నాను. వాడిక ఈ ఆటంతా ఎందుకూ పనికిరాడు, తోడేళ్ళు గెలుస్తాయి, వెండో గోల్ కొడతాడు. నేను ఆలోచించింది అదే. శిక్ష ముగిసి పెట్టె తలుపు తీసినప్పుడు పక్ నీ దగ్గరుంది. నువ్వు గోడ పక్కన, మాకు వీపు పెట్టి. పక్ నీ దగ్గర ఉన్నందుకు నేను సంతోషించాను.

తర్వాత సంగతి నీకు తెలుసు.

నేను నోరు మూసుకుని ఉన్నా వాడు నిన్ను కొట్టేవాడేమో. వాడు అలాంటి ఆటగాడేనని అందరూ అనేవాళ్ళు. ఆ 'ఏమో'ని పట్టుకునే తొమ్మిదేళ్ళు లాగాను. ఆసుపత్రిలో నీ మెడకి ఇనుప చట్రం బిగించి ఉన్నప్పుడు, "వాణ్ణి వదలను" అని నీ చెవిలో చెప్పాను చూడు, అప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నావు. అది నొప్పివల్లనో, వద్దని చెప్పడానికో నేను అడగలేదు. ఎవరినో ఒకరిని ద్వేషించకపోతే అద్దంలో నన్ను నేనే చూసుకోవాల్సి వస్తుందని నాకు తెలుసు.

చివరి ఆట ఫిబ్రవరి 28న గెలిచాం, ఫలితం లేకపోయింది. ఆ తర్వాతి సోమవారం ఆటగాళ్ళు సామాను తీసుకెళ్ళే రోజు. నేను స్టేడియం పక్క గేటు దగ్గర నిలబడ్డాను. వాడు రెండు సంచులు భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"దొరికిందా ఆవిడ?" అన్నాడు.

"నా గొంతు విను," అన్నాను. "ఆ రోజు అన్నట్టే అంటాను. ఒక్క మాట చాలు." ఆ మొదటి మాట, అదే స్వరంలో, మెల్లగా అన్నాను.

వాడు సంచులు కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. వాడి మొహంలో ఒకదాని తర్వాత ఒకటి లెక్క కుదరడం నాకు కనబడింది. నేను ఎవర్ని, గుడ్డ ఎవరి కోసం కట్టాను, గోడకి తగిలినవాడు ఎవరు.

"అతను మీ సొంత తమ్ముడు," అన్నాడు.

"అవును."

"అతనికి తెలుసా?"

"తెలీదు."

"మా అమ్మ ఒంటరిగానే పోయింది. అది మీకు ఎలా తెలిసిందా అని తొమ్మిదేళ్ళు ఆలోచించాను."

"తెలీదు నాకు. నోటికొచ్చింది అన్నాను."

వాడు తల ఊపాడు. సంచులు ఎత్తుకున్నాడు. "గుడ్డ అక్కర్లేదు. ఊరు చదివితే నాకేం వస్తుంది. చదవాల్సినవాడు ఒక్కడే. సోమవారం, పదో తారీఖు, పొద్దున్నకల్లా మీరు అతనికి రాసి పోస్టు చెయ్యాలి. మీరు రాయకపోతే నేను రాస్తాను. చిరునామా క్లబ్బు ఆఫీసులో ఉంది, చూసుకున్నాను."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"అవునండీ," అన్నాడు. "బెదిరిస్తున్నాను."

మీ బావకి ఆ సాయంత్రమే చెప్పాను. "ఆ గుడ్డ కొన నేను కట్టాను" అన్నాడు ఆయన. వారం నుంచి తన గిన్నె తనే కడుక్కుంటున్నాడు.

వాడు బెదిరించాడు కాబట్టే రాస్తున్నావు అని నువ్వంటే నేను కాదనను. సగం అందుకే. నేను వాణ్ణి క్షమించలేదు, ఈ ఉత్తరం రాస్తూ కూడా. వాడి చేతులు లేకపోతే నా నోరు నీ మెడ విరిచేది కాదు. వాడు కూడా నన్ను క్షమించలేదు, క్షమిస్తానని అనలేదు, అందుకు వాడి మీద కాస్త గౌరవం కూడా కలిగింది. వచ్చే సెప్టెంబరులో వాడు మళ్ళీ మన చొక్కా వేసుకుని వస్తాడు. నేను స్టేడియానికి వెళతానో లేదో ఇప్పుడు చెప్పలేను. వెళితే మాత్రం నేను అక్కడ ఉన్నానని వాడికి తెలుస్తుంది, వాడు అక్కడ ఉన్నాడని నాకు తెలుస్తుంది. అది చాలు ఇద్దరికీ.

నీ ప్రశ్నకి జవాబు ఇంకా చెప్పలేదు కదా. బాగా ఆడుతున్నాడు, వెండో. సన్మానం రోజు తప్ప మిగతా అన్ని రోజులూ బాగా ఆడాడు.

మన ఇద్దరి పగ ఒకటేనని ఇన్నాళ్ళూ అందరితో చెప్పుకున్నాను. నీ పేరు గుడ్డ మీద కుట్టినట్టే నా కోపం మీద కుట్టుకుని తిరిగాను. నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, నీకు ఎవరి మీద కోపం? వాడి మీదా, నా మీదా, ఇద్దరి మీదా? నా మీదైతే దాన్ని మెత్తబరచి రాయకు. మరదలి చేత రాయించకు, నువ్వే రాయి. నేను వాణ్ణి తొమ్మిదేళ్ళు వెంటాడాను, నువ్వు నన్ను ఎన్నేళ్ళు వెంటాడినా నాకు చెప్పుకోవడానికి మాటేమీ లేదు.

రేపు ఎనిమిదింటికి పోస్టాఫీసు తెరుస్తారు. ఏడున్నరకే వెళ్ళి తలుపు దగ్గర నిలబడతాను. ఈ ఉత్తరం నా చేత్తోనే వేస్తాను. నీకు నా సంగతి రాసే తృప్తి మాత్రం వాడికి మిగల్చను.

ఇట్లు,
ఏమనుకున్నా నీకు అక్కే అయిన,
జెల్మీరా